టవర్ వ్యాగన్ నమూనా: బాడీ సంగతి తర్వాత, ముందుగా చక్రాలు తిరగాలి

సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లో కూర్చుని చేసుకోగల రైలు నమూనాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. రైలు నమూనాలంటే విదేశాల నుంచి పెట్టెలో వచ్చేవే అనుకునే చోట, సొంతంగా కోసి అతికించి చేయమని చెప్పడం బాగుంది. ఓహెచ్ఈ తీగల (రైళ్లకి పైనుంచి కరెంటు అందించే తీగల) పనికి తిరిగే టవర్ వ్యాగన్‌ని ఎంచుకోమనడం ఇంకా బాగుంది. కానీ చేసే వరుస మాత్రం తలకిందులుగా ఉంది. ముందు అట్టతో బాడీ, తర్వాత రంగు, చివర్లో బొమ్మ కారు మోటారు అతికించి పట్టాల మీద పెట్టమన్నారు. అలా చేసిన బండి మొదటి పాయింటు (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) దాకా వెళ్లి అక్కడే నిలబడుతుంది. పిల్లలు సెలవుల్లో ఇది మొదలుపెట్టి, ఆగిపోతే మనవల్ల కాదని వదిలేస్తారు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాం. కత్తిరించక తప్పకపోతే రంగుల సంగతి తీసేయండి, కరెంటు సంగతి మాత్రం ఉంచండి.

టవర్ వ్యాగన్ ఎందుకు మంచి ఎంపికో వ్యాసంలో చెప్పలేదు. మన దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకి నడిచింది. అప్పుడు 1500 వోల్టుల డీసీ, ఇప్పుడు దాదాపు అంతటా 25 వేల వోల్టుల ఏసీ. తీగ ఉన్నచోటల్లా దాన్ని పైకెక్కి చూసే బండి కావాలి. విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో ఏదో పక్క లైనులో నిలబడి కనిపిస్తుంది. నమూనా చేసేవాళ్లకి దీంతో లాభాలు మూడు. బాడీ నలుచదరపు పెట్టె కాబట్టి వంపులు తిప్పే పని లేదు. వెనక బోగీలు లేకపోయినా అదొక్కటే పూర్తి రైలు. అన్నిటికంటే ముఖ్యం, అది నిదానంగా నడిచే బండి. నమూనాలో వేగం తేలిక, నిదానమే కష్టం. ఆ కష్టం నేర్చుకోడానికి ఇంతకంటే మంచి బండి లేదు.

ఎనిమిది చక్రాల కొత్త రకాలూ ఉన్నాయి, నాలుగు చక్రాల పాత రకాలూ ఉన్నాయి. నమూనా బండి పట్టాల నుంచి చక్రాల ద్వారానే కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఎనిమిది చక్రాలుంటే బాగా అందుతుంది గానీ, మలుపుల్లో తిరిగే బోగీలోకి (చక్రాలున్న అడుగు చట్రంలోకి) మోటారు శక్తిని పంపడం మొదటిసారి చేసేవాళ్లకి తలనొప్పి. మా మాట వింటే నాలుగు చక్రాలది చేయండి. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

కొలతలు

హెచ్‌ఓ స్కేలంటే అసలు బండిలో 87వ వంతు. వ్యాసంలో హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. అని రాసి, అది మన రైలుకి సరిగ్గా సరిపోతుందన్నారు. సరిపోదు. 16.5 అనేది 1435 మి.మీ. ఉండే స్టాండర్డ్ గేజికి 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే బజారులో దొరికే పట్టాల మీద మన బండి చక్రాలు రెండు వైపులా కలిపి దాదాపు 2.8 మి.మీ. లోపలికి ఉంటాయి. 19.26 పట్టాలు సొంతంగా వేసుకునే ఓపిక ఉన్నవాళ్లకి దండం. మిగతా అందరూ 16.5తో సరిపెట్టుకోవాలి. అయితే చక్రాలు ఇరుకయ్యాయి కదా అని బాడీని కూడా సన్నం చేయకండి. మన రైలు పెట్టె వెడల్పు సుమారు 3.25 మీటర్లు, నమూనాలో 37 మి.మీ. బాడీ ఆ లెక్కనే ఉండాలి. దీనివల్ల వచ్చే చిక్కు ఒకటే. వెడల్పు బాడీ, ఇరుకు చక్రాలు, పైన టవరు ఉంటే బండి తూలుతుంది. బరువు దగ్గర దీని సంగతి చూద్దాం.

కొలతల కోసం యార్డులోకి వెళ్లొద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అదీకాక తల మీద 25 వేల వోల్టులు ఉంటాయి. అనుమతి ఉన్నచోట నుంచి, వీలైనంత దూరంగా నిలబడి, జూమ్ చేసి తీసిన ఫొటో చాలు. దగ్గర నుంచి తీస్తే ముందున్న చక్రం పెద్దదిగా, వెనకది చిన్నదిగా పడి లెక్క చెడుతుంది. ఎదురుగా తీసిన ఫొటోలో రెండు బఫర్ల (బండి కొసన గుద్దు తట్టుకునే గుండ్రటి దిమ్మల) నడిమి దూరం 1956 మి.మీ. అదే మీ కొలబద్ద. నమూనాలో అది 22.5 మి.మీ. పక్క నుంచి తీసిన ఫొటోలో పట్టా పైనుంచి బఫరు మధ్య దాకా ఎత్తు పనికొస్తుంది. బ్రాడ్‌గేజిలో అది 1030 నుంచి 1105 మి.మీ. లోపే ఉండాలి, కాబట్టి నమూనాలో 11.8 నుంచి 12.7 మి.మీ. ఈ రెండింటితో మిగతా కొలతలన్నీ నిష్పత్తిలో తీయొచ్చు. ఫొటోలో బండి 9 మీటర్ల పొడవు తేలిందనుకోండి, నమూనా 103 మి.మీ. వస్తుంది. ఈ ఉత్తరంలో అదే లెక్క పట్టుకున్నాం.

మోటారు, గేర్లు

బొమ్మ కారు మోటారు ఎందుకు పనికిరాదో లెక్క కడితే తెలుస్తుంది. 10.5 మి.మీ. వ్యాసం ఉన్న చక్రం ఒకసారి తిరిగితే 33 మి.మీ. కదులుతుంది. బండి గంటకి 50 కి.మీ. వేగంతో పోతున్నట్టు కనిపించాలంటే నమూనా సెకనుకి 160 మి.మీ. కదలాలి, అంటే చక్రం నిమిషానికి సుమారు 290 చుట్లు తిరగాలి. తీగ కింద పని చేస్తూ గంటకి 5 కి.మీ. చొప్పున పాకాలంటే 29 చుట్లు. బొమ్మ కారు మోటారు వేలల్లో తిరుగుతుంది. నేరుగా ఇరుసుకి కలిపితే బండి ఎగిరి కింద పడుతుంది, లేదా అసలు కదలకుండా గుయ్‌మంటుంది.

మన ఎలక్ట్రానిక్స్ బజార్లలో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల, రోబో ప్రాజెక్టుల కోసం అమ్మే ఎన్ 20 గేర్ మోటారు దీనికి సరిగ్గా సరిపోతుంది. వెడల్పు 12, ఎత్తు 10, గేరు పెట్టెతో కలిపి పొడవు సుమారు 24, దానికి ముందు 3 మి.మీ. లావు 'డి' ఆకారపు షాఫ్టు. 12 వోల్టులు, 300 చుట్లు అని అడిగి తీసుకోండి. 6 వోల్టులది చేతిలో పెడితే వద్దనండి. 300 చుట్లదైతే పై వేగం 50 కి.మీ. దాకా వస్తుంది. 200 చుట్లదైతే 34 కి.మీ. ఈ బండికి అదీ చాలు, పాకడం ఇంకా బాగుంటుంది. 1000 చుట్లది ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోవద్దు.

మోటారుని బండి పొడవునా పడుకోబెట్టి, షాఫ్టు నుంచి ఇరుసుకి ఒకే సైజు బెవెల్ గేర్ల (తిరుగుడుని లంబంగా మళ్లించే ఏటవాలు పళ్ల గేర్ల) జతతో కలపాలి. 0.5 మాడ్యూలు, 16 పళ్లవి రెండు. వాటి వెలుపలి వ్యాసం 9 మి.మీ. మించకూడదు. చక్రమే 10.5 కదా, గేరు అంతకంటే పెద్దదైతే లెవెల్ క్రాసింగ్ పలకకి తగులుతుంది. గేరు రంధ్రం 3 మి.మీ., ఇరుసు 2 మి.మీ. కాబట్టి మధ్యలో వెలుపల 3, లోపల 2 ఉన్న ఇత్తడి గొట్టం ముక్క బుష్‌గా వేయాలి. ఇక్కడ ఫెవిక్విక్ వాడితే ఓ వారం పనిచేసి, తర్వాత మోటారు తిరుగుతున్నా చక్రం తిరగదు. షాఫ్టుల మీద బేరింగులు బిగించడానికి అమ్మే లాక్‌టైట్ రకం ద్రవమే పట్టుకుంటుంది.

ఇప్పుడు చాలామంది ఇరుక్కునే చోటు. ఇరుసు మధ్య పట్టా పైనుంచి 5.25 మి.మీ. ఎత్తులో ఉంటుంది. మోటారు ఎత్తులో సగం 5 మి.మీ. మోటారుని సమంగా పడుకోబెడితే దాని అడుగుకీ పట్టాకీ మధ్య పావు మిల్లీమీటరు మిగులుతుంది. మొదటి గులకరాయికే గీసుకుంటుంది. దీనికి మందు తేలిక. మోటారు తోకని పైకెత్తాలి. ఇరుసు చుట్టూ తిరిగినట్టుగా ఎత్తినంతవరకు షాఫ్టూ ఇరుసూ ఒకదానికొకటి లంబంగానే ఉంటాయి, బెవెల్ పళ్లకి తేడా తెలియదు. 15 డిగ్రీలు ఎత్తితే గేరు పెట్టె మూతి దగ్గర అడుగున 3 మి.మీ. ఖాళీ వస్తుంది. తోక చివర పట్టా పైనుంచి 19 మి.మీ. ఎత్తుకి పోతుంది, అంటే బండి నేల పలకని దాటుతుంది. అందుకే నేలలో 13 మి.మీ. వెడల్పు గాడి కోయాలి. ఆ గాడి మీద డ్రైవరు క్యాబిన్ వచ్చేలా ప్లాన్ వేసుకుంటే మోటారు బయటికి కనబడదు. ఈ గాడి సంగతి బాడీ అతికించాక గుర్తొస్తే బాడీని పగలగొట్టడమే దారి. ముందు బాడీ చేయొద్దని పట్టుబట్టడం ఇందుకే.

గేరు ఎక్కించాలంటే ఒక చక్రం లాగి మళ్లీ నొక్కాలి. మెలిపెట్టి లాగకండి, ఇన్సులేషన్ బుష్ వదులై చక్రం తూలుతుంది. తిరిగి నొక్కాక రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి 14.4 మి.మీ. ఉంచాలి. తగ్గితే పాయింట్ల దగ్గర చెక్‌రైలు (చక్రాన్ని దారిలో ఉంచే పక్క పట్టా) మీదకి ఎక్కుతుంది, పెరిగితే ఫ్రాగ్ (రెండు పట్టాలు దాటుకునే వీ ఆకారపు చోటు) ముక్కుని కొడుతుంది. పాయింటు దగ్గరే బండి పడిపోతోందని అడిగేవాళ్లలో చాలామంది ఈ కొలత చూసి ఉండరు. బెవెల్ గేర్లు తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి పక్కకి నెట్టుకుంటాయి. ఇరుసు పక్కకి జరిగితే పళ్లు వదులై కటకటలాడతాయి. కాబట్టి పల్చటి వాషర్లు వేసి పక్క ఆటని 0.2, 0.3 మి.మీ.కి దించాలి. పూర్తిగా బిగించినా తప్పే, పళ్లు ఒరుసుకుని మోటారు వేడెక్కుతుంది.

నేల పలక, ఇరుసులు

నేలకి అట్ట, ప్లాస్టిక్ వద్దు. సర్క్యూట్లు చేసుకునే రాగి పూత బోర్డు, 1.6 మి.మీ. మందంది, వంద మి.మీ. ముక్క తీసుకోండి. గట్టిగా ఉంటుంది, దాని మీద టంకం పడుతుంది, తీగల బదులు రాగి పొరే పనిచేస్తుంది. కోసేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోండి, ఆ గాజునార పొడి మంచిది కాదు. పలక మధ్యగా పొడవునా రాగిని ఒక మి.మీ. వెడల్పున గీకేస్తే ఎడమ పట్టా కరెంటు ఎడమ సగానికి, కుడి పట్టాది కుడి సగానికి వస్తుంది.

నడిచే ఇరుసుని, అంటే మోటారు తిప్పేదాన్ని, 0.8 మి.మీ. ఇత్తడి రేకుతో చేసిన రెండు చిన్న ఎల్ బ్రాకెట్లలో కూర్చోబెట్టాలి. ఇక్కడో ఉచ్చు ఉంది. బ్రాకెట్లని నేరుగా ఎడమ, కుడి రాగి సగాలకి టంకం వేస్తే, లోహపు ఇరుసు రెండింటినీ కలిపేసి పూర్తి షార్టు అవుతుంది. చక్రాలు ఇన్సులేటెడ్ అయినా ఇది తప్పదు, ఎందుకంటే షార్టు చక్రాల ద్వారా కాదు, బ్రాకెట్ల ద్వారా వస్తోంది. బ్రాకెట్ కూర్చునే చోట చుట్టూ రాగిని గీకి, దాన్ని దీవిలా వేరు చేయండి. టంకం వేశాక మల్టీమీటరు బజరుతో ఎడమకీ కుడికీ, ప్రతి బ్రాకెట్‌కీ పక్క రాగికీ మధ్య చూడండి. ఎక్కడా మోగకూడదు. మోటారు కలపకముందే ఈ పరీక్ష అయిపోవాలి, కలిపాక మోటారు చుట్టలోంచి బజరు మోగి అయోమయపెడుతుంది.

రెండో ఇరుసుని బిగించకూడదు. నాలుగు కాళ్ల పీట సమంగా లేని గచ్చు మీద ఒక కాలు ఎత్తుకుని నిలబడినట్టు, బిగించిన నాలుగు చక్రాల్లో ఏదో ఒకటి ఎప్పుడూ గాల్లో ఉంటుంది. బస్సుకైతే టైర్లుంటాయి, ఇక్కడ గాల్లో ఉన్న చక్రం అంటే కరెంటు అందని చక్రం. యూ ఆకారపు బ్రాకెట్‌లో ఇరుసుని పెట్టి, ఆ బ్రాకెట్‌ని బండి మధ్య గీత మీద పొడవునా ఉన్న ఒక మి.మీ. పిన్ను మీద ఊగేలా వేలాడదీయండి. చక్రం దగ్గర పైకీ కిందకీ అర మి.మీ. ఆట చాలు. ఒక చక్రం కింద విజిటింగ్ కార్డు పెట్టి చూడండి, మిగతా మూడూ పట్టా మీదే ఉండాలి.

ఇరుసులకి కుట్టు మిషన్ నూనె, అదీ సూది మొనతో ఒక్క చుక్క. కొబ్బరినూనె వేసేవాళ్లూ ఉన్నారు. చలికాలం పొద్దున అది గడ్డకట్టి మోటారుని పట్టేస్తుంది.

కరెంటు అందడం

నాలుగు చక్రాల బండి ఆగిపోతే నూటికి తొంభైసార్లు కారణం మోటారు కాదు, కరెంటు అందకపోవడం. ఒక్కో పట్టా మీద రెండే చక్రాలు. పాయింటులో ప్లాస్టిక్ ఫ్రాగ్ మీదకి ఒక చక్రం వచ్చినప్పుడు ఆ పక్క మిగిలింది ఒక్కటే. దాని కింద కాస్త మసి ఉందంటే బండి ఆగినట్టే.

కాబట్టి నాలుగు చక్రాల నుంచీ కరెంటు తీయాలి, మూడుతో సర్దుకోకూడదు. 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వాడాలి. అది దొరక్కపోతే పాత రిలేల్లోని సన్నటి పత్తీలు విప్పి కోసుకోండి, అవి ఇంకా బాగా పనిచేస్తాయి. మామూలు రాగి తీగకి స్ప్రింగు గుణం లేదు, రెండు రోజులకే వంగిపోయి చక్రాన్ని వదిలేస్తుంది. తీగ ఒక కొస రాగి సగానికి టంకం వేసి, రెండో కొస చక్రం వెనక అంచుకి ఆనించండి. ఎంత పొడవుంటే అంత మెత్తగా ఆనుతుంది, 15 మి.మీ. తగ్గొద్దు. ఒత్తిడి సరిపోయిందో లేదో ఊగే ఇరుసు దగ్గర తెలుస్తుంది. చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే ఒకట్రెండు చుట్లు తిరగాలి. ఠక్కున ఆగితే తీగ బ్రేకులా పట్టుకుంది, అలాంటి చక్రం పట్టా మీద తిరగకుండా జారుతూ పోతుంది. పట్టు కోసం చక్రానికి రబ్బరు టైరు తొడగమని వ్యాసంలో ఉంది. ఈ బండికి అది పొరపాటు. రబ్బరు ఉన్న చక్రం కరెంటు తీసుకోలేదు, నాలుగులో ఒకటి పోతుంది.

ఇది చాలదు, పట్టా నుంచి కరెంటు తెగిన క్షణంలో మోటారుని నడపడానికి కెపాసిటరు కూడా కావాలి. 1000 మైక్రోఫారడ్‌ది ఒకటి పెడితే సరిపోతుందని చాలాచోట్ల చెబుతారు. లెక్క చూడండి. మోటారు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే, ఆ కెపాసిటరు వోల్టేజి 5 వోల్టులు పడిపోడానికి సెకనులో పదో వంతు పడుతుంది. గంటకి 5 కి.మీ. లెక్కన పాకే నమూనా ఆ సమయంలో కదిలేది 1.6 మి.మీ. ఫ్రాగ్ అంతకు పది రెట్లు ఉంటుంది. వేగంగా పోయే ఇంజనుకి ఆ చిన్న కెపాసిటరు పనికొస్తుంది, పాకే బండికి కాదు. 2.7 వోల్టుల, ఒక ఫారడ్ సూపర్ కెపాసిటర్లు ఆరు వరసగా కలపండి. మొత్తం 16.2 వోల్టులు తట్టుకుంటాయి, విలువ ఫారడ్‌లో ఆరో వంతు. అదే 50 మిల్లీ ఆంపియర్లకి 16 సెకన్ల పైన నడుస్తుంది. ఐదు చాలవు. వాటి ఓపిక 13.5 వోల్టులే, డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో బండికి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) పట్టాల మీద 14, 15 ఉంటాయి, ఉబ్బిపోతాయి. నిజానికి 16 సెకన్లు మరీ ఎక్కువ, పట్టా అయిపోయినా బండి బల్ల మీంచి నడిచి వెళ్లిపోతుంది. డీకోడర్‌లో (బండిలో ఉండి ఆ ఆదేశాలు అందుకునే చిన్న బోర్డులో) ఆ గడువు తగ్గించే వీలుంటే ఒక సెకనుకి దించుకోండి.

డీకోడర్ నీలం తీగకీ కెపాసిటర్ల ప్లస్‌కీ మధ్య 100 ఓముల రెసిస్టరు ఉండాలి. లేకపోతే పట్టా మీద పెట్టగానే అవి ఒక్కసారిగా కరెంటు గుంజి, డీసీసీ స్టేషను షార్టు అనుకుని ట్రిప్ అవుతుంది. రెసిస్టరుకి పక్కనే 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొస డీకోడర్ వైపు. తిరిగొచ్చే కరెంటు దాని గుండా పోతుంది. తిప్పి వేశారంటే రెసిస్టరు ఉండీ లేనట్టే. మైనస్ డీకోడర్ గ్రౌండుకి పోవాలి, చాలా డీకోడర్లలో దానికి తీగ రాదు, బోర్డు మీద చుక్క వెతుక్కోవాలి. తెలియకపోతే ఊహించొద్దు, దాంతో వచ్చిన కాగితం చూడండి. కెపాసిటర్లు ఉన్నప్పుడు ప్రోగ్రామింగ్ పట్టా మీద డీకోడర్ సరిగా మాట్లాడదు. కాబట్టి ముందు ప్రోగ్రాం, తర్వాత కెపాసిటర్లు. కొత్త డీకోడర్ చిరునామా 3 ఉంటుంది, సీవీ 1లో మార్చండి (సీవీలంటే డీకోడర్‌లో మార్చుకోగల అమరికలు). సీవీ 2 బండి కదలడం మొదలయ్యే వోల్టేజి, సీవీ 5 పై వేగం, సీవీ 3, 4 నెమ్మదిగా అందుకోడం, నెమ్మదిగా ఆగడం.

మామూలు 12 వోల్టుల డీసీ పట్టాలే ఉన్నవాళ్లు ఈ కెపాసిటర్ల జోలికి పోవద్దు. అక్కడ బండి వెనక్కి పోవాలంటే ప్లస్, మైనస్ మారతాయి, కెపాసిటరు పాడవుతుంది. వాళ్లకి పీడబ్ల్యూఎం కంట్రోలరు (కరెంటుని తునకలు తునకలుగా ఇచ్చి వేగం మార్చేది), శుభ్రమైన పట్టాలే గతి. పట్టాలు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. గరుకు కాగితం పెట్టి రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లో మసి ఇంకా తొందరగా చేరుతుంది.

ఇక్కడి దాకా వచ్చాక, బాడీ లేకుండా నేల పలకనే రెండు వైపులా చెరో అరగంట నడపండి. ఆగకుండా నడిస్తేనే ప్లాస్టిక్ షీటు కొనండి.

బరువు

అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ బండికి ఒక ఔన్సు, పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున అదనం. 103 మి.మీ. బండికి అది సుమారు 86 గ్రాములు. అది లాగించుకుపోయే వ్యాగన్ల లెక్క, తనే నడిచేదానికి 120 దాకా పోవచ్చు. అందులో ఎక్కువ వాటా నడిచే ఇరుసు మీద, అంతా నేలకి అంటుకుని ఉండాలి. సీసం అయితే తక్కువ చోటులో ఎక్కువ బరువు వస్తుంది. దాన్ని అరల్డైట్ తోనే అతికించండి. ఫెవికాల్ లాంటి తెల్ల బంకలో సీసం గుళ్లు పోసి మూస్తే, కొన్నేళ్లకి సీసం ఆ బంకతో కలిసి తెల్లగా పూసి ఉబ్బుతుంది, బాడీ పక్కలు పగులుతాయి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని పిల్లలకి చెప్పండి.

బాడీ, టవరు

బాడీకి ఒక మి.మీ. పాలీస్టైరీన్ షీటు, పైపొరకి అర మి.మీ. పేపర్ కట్టర్‌తో పూర్తిగా కోయక్కర్లేదు, మూడు నాలుగుసార్లు గీసి వంచితే గీత మీదే విరుగుతుంది. కిటికీలు మాత్రం గోడలు నిలబెట్టకముందే కోసుకోవాలి. మూలల్లో లోపల 2 మి.మీ. చదరపు పుల్ల, మూలమట్టం పెట్టి చూస్తూ అతికించండి. రెండు పొరలు కలిపే చోట ద్రావణం ఎక్కువ పోస్తే అది లోపల చిక్కుకుని, వారాల తర్వాత గోడ మెత్తబడి వంగుతుంది. మూసుకుపోయే ప్రతి ఖాళీకి లోపలి వైపు ఒక చిన్న చిల్లు పెట్టండి. ప్రకటనల బోర్డులకి వాడే సన్‌బోర్డు చౌక అని అది వాడకండి, దాని అంచులు నురగలా ఉంటాయి, కిటికీ చట్రం పదునుగా రాదు.

టవరుని తేలిగ్గా చేయాలి, 37 మి.మీ. బాడీ ఇరుకు పట్టాల మీద తూలడం గుర్తుంది కదా. వేదిక ప్లాస్టిక్, చుట్టూ కటకటాలు మాత్రం 0.4 మి.మీ. ఇత్తడి తీగ, అదంటే నిజం బండిలో 35 మి.మీ. గొట్టం. అర మి.మీ. తీగ వేస్తే దూలాల్లా కనిపిస్తాయి. తీగలకి టంకం వేశాకే ప్లాస్టిక్ వేదిక మీద పెట్టండి, పెట్టాక టంకం వేస్తే వేదిక కరిగిపోతుంది. మన లైన్లలో తీగ ఎత్తు 5.5 మీటర్లు అనుకుంటే నమూనాలో 63 మి.మీ. వేదిక దించి ఉన్నప్పుడు కటకటాల పైభాగం ఆ ఎత్తుకి బాగా కింద ఉండాలి. వేదికని సర్వో మోటారుతో లేపాలని చాలామందికి ముచ్చట. చేయొచ్చు గానీ 9 గ్రాముల సర్వో 23 మి.మీ. పొడవుంటుంది, క్యాబిన్ అంతా తినేస్తుంది, ఊరికే ఉన్నప్పుడు కూడా కెపాసిటర్లని ఖాళీ చేస్తుంది. మొదటి బండికి చేత్తో తిప్పే వేదికే మేలు.

ముందు దీపానికి 3 మి.మీ. ఎల్‌ఈడీ పెడితే నిజం బండికి పావు మీటరు దీపం పెట్టినట్టే. 0603 సైజు చిప్ ఎల్‌ఈడీకి 2.2 కిలో ఓముల రెసిస్టరు, 4 మిల్లీ ఆంపియర్లు చాలు.

రంగు గురించి రెండే మాటలు. కార్లకి కొట్టే డ్యూకో స్ప్రే నేరుగా కొడితే దాని థిన్నరు పాలీస్టైరీన్‌ని తినేస్తుంది, ముందు తునక మీద చూసుకోండి. ముసురు పట్టిన రోజు కొట్టకండి, పసుపు మీద తెల్లటి పొగలా పడుతుంది.

సంపాదకులకు ఒక విన్నపం. వ్యాసంతో పాటు బండి బొమ్మ గీసి వేశారు, కొలతలు దాని నుంచే తీసుకోమన్నారు. పేజీలో పట్టించడానికి ఆ బొమ్మని అడ్డంగా కాస్త నొక్కినట్టున్నారు, చక్రాలు గుండ్రంగా కాక కోలగా ఉన్నాయి. దాని నుంచి కొలిచినవాళ్ల బండి పొడవు తప్పుతుంది. ఈసారి వేసేటప్పుడు బొమ్మ కింద అడ్డంగా ఒక మీటరు గీత, పక్కన నిలువుగా ఒక మీటరు గీత గీసి వేయండి. ఎంత నొక్కినా, ఎంత సాగదీసినా పాఠకులు ఆ రెండు గీతలతో లెక్క సరిచూసుకోగలుగుతారు.

ఇట్లు,
రైలు నమూనాలు చేసే కొందరు పాఠకులు,
సికింద్రాబాద్